రెండు పడవల మీద ఒక ఫారం

"పేరు" అని కొట్టి, పక్కన రెండు చుక్కలు పెట్టి, ఫుల్‌స్టాప్ మీట నొక్కిపట్టుకుంటే వరస చివరిదాకా చుక్కలు పరుచుకుంటాయి. కింద "తండ్రి పేరు", మళ్ళీ చుక్కలు. ఇలా ఓ ఇరవై వరసలు దించేస్తే దరఖాస్తు ఫారం తయారు. ఏ జిరాక్స్ షాపు కంప్యూటర్‌లో చూసినా, ఏ బడి ఆఫీసు గదిలో చూసినా ఇలాంటి వర్డ్ ఫైళ్ళే.

ప్రింటు తీసి పెన్నుతో నింపినంతకాలం వీటితో పెద్ద పేచీ లేదు. "ఎలాగూ వర్డ్ ఫైలే కదా, ఇందులోనే టైపు చేసి ప్రింటు ఇవ్వండి" అని ఎవరో అన్నరోజున గొడవ మొదలవుతుంది. చుక్కల మధ్య కర్సర్ పెట్టి పేరు కొడితే చుక్కలు పక్కకు జరుగుతాయి. వరసలో పట్టనివి కిందికి దూకుతాయి, ఆ కింది వరస ఇంకో మెట్టు దిగుతుంది. పది వివరాలు నింపేసరికి ఒక పేజీ ఫారం పేజీంపావు అవుతుంది, సంతకం చోటు ఒక్కటే రెండో కాగితం మీద తేలుతుంది. ఓవర్‌టైప్ పెట్టుకుని చుక్కల మీదే కొట్టే తెలివైనవాళ్ళు ఉన్నారు గానీ చుక్క వెడల్పూ తెలుగక్షరం వెడల్పూ ఒకటి కాదు, గీత ఎలాగూ వంకరపోతుంది.

దీనికి అందరూ చెప్పే మందు ఒకటే: చుక్కలు మానేసి ట్యాబ్ లీడర్ (ట్యాబ్ మీట నొక్కితే తనంతట తానే చుక్కల గీత పరిచే ఏర్పాటు) పెట్టండి, లేదా టేబుల్ గీయండి. మంచి మాటే, కానీ రోగం చుక్కల్లో లేదు. ఒకే ఫైలు చేత్తో నింపడానికీ పనికిరావాలి, తెర మీద నింపడానికీ పనికిరావాలి అనుకోవడంలో ఉంది. ఈ రెండు పనులకూ కావలసినవి వేరు, చాలాచోట్ల ఒకదానికొకటి ఎదురు కూడా. ఫారాలు రెండు చేసుకోవాలనేది నా వాదన. దీనికి వచ్చే అభ్యంతరాలు చిన్నవేమీ కావు, వాటి దగ్గరికి తర్వాత వస్తాను.

పెన్నుకు కావలసింది మిల్లీమీటర్లు

చేత్తో నింపే ఫారాన్ని తెర మీద చూసి తీర్చిదిద్దడం కుదరదు. స్కేలు పెట్టుకుని కాగితం మీద లెక్క కట్టుకోవాలి. ఏ4 కాగితం 210 మి.మీ. వెడల్పు, 297 మి.మీ. ఎత్తు. ఎడమవైపు 25, కుడివైపు 15 వదిలితే రాతకు 170 మి.మీ. మిగులుతుంది. పైనా కిందా 15 చొప్పున వదిలితే ఎత్తు 267. ఇందులో శీర్షికకు 30, కింద హామీ వాక్యానికి 25, సంతకానికీ ముద్రకూ 40 తీసేస్తే చేతిలో ఉండేది 172 మి.మీ.

తెలుగు రాతకు వరస ఎత్తు ఎంత కావాలన్నది అసలు ప్రశ్న. ఇంగ్లీషు క్యాపిటల్ అక్షరాలకు 7 మి.మీ. సరిపోతుంది. తెలుగులో పైన తలకట్టో, గుడో ఉంటుంది, కింద వత్తు వేలాడుతుంది. "కృష్ణమూర్తి" రాసినవాళ్ళ షకింది ణ వత్తు కింది గీతను దాటి పక్క వరసలోకి దిగడం చూస్తూనే ఉంటాం. కాబట్టి 10 మి.మీ. కంటే తగ్గించకూడదు. 172ను 10తో భాగిస్తే 17 వరసలు. ఒక పేజీలో పట్టేది అంతే. పద్దెనిమిదో ప్రశ్న ఉంటే వరసలు కుదించడం కాదు, ఆ ప్రశ్న అవసరమా అని అడగాలి. పుట్టిన తేదీ అడిగాక వయసు ఎందుకు? పిన్‌కోడ్ ఇచ్చాక రాష్ట్రం పేరెందుకు? ఈ లెక్క వేయని ఫారాల్లోనే చివరి నాలుగు ప్రశ్నలు చీమల బారులా కనిపిస్తాయి.

వెడల్పు లెక్క ఇంకా కఠినం. "తండ్రి / భర్త / సంరక్షకుని పేరు" అన్న మాటలే ఎడమన 55 మి.మీ. తినేస్తాయి. మిగిలిన 115లో సగటు చేతిరాతకు పదిహేడు పద్దెనిమిది అక్షరాలు పడతాయి. వెంకట సత్యనారాయణమూర్తి గారు ఇంటిపేరుతో సహా ఎలాగో సర్దుకుంటారు. చిరునామా మాత్రం సర్దుకోదు, దానికి మొత్తం వెడల్పున మూడు వరసలు ఇవ్వాల్సిందే. ప్రశ్నను గడి లోపలే, పైన ఎడమ మూలలో 9 పాయింట్ల అక్షరాల్లో పెట్టడం ఒక మార్గం. వెడల్పంతా రాతకు దొరుకుతుంది, వరస ఎత్తు మాత్రం 13 మి.మీ. చేయాలి. పేరుకూ చిరునామాకూ ఇది బాగుంటుంది, చిన్న జవాబులకు దండగ.

వర్డ్‌లో దీన్ని అమలు చేయడం తేలిక. టేబుల్ గీసి, టేబుల్ ప్రాపర్టీస్‌లో రో ట్యాబ్ తెరిచి, ఎత్తు 1 సెం.మీ. ఇచ్చి, పక్కన "ఎట్ లీస్ట్" అన్నదాన్ని "ఎగ్జాక్ట్‌లీ"కి మార్చాలి. టేబుల్ ఆప్షన్లలో గడుల్ని అక్షరాల కొద్దీ సాగనిచ్చే టిక్కు తీసేయాలి. గడులకు నాలుగువైపులా గీతలు అక్కర్లేదు, అడుగు గీత ఉంచితే చాలు. వర్డ్ బదులు ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ రైటర్‌లో అయితే రో హైట్ దగ్గర "ఫిట్ టు సైజ్" టిక్కు తీస్తే ఎత్తు అక్కడికి గట్టిపడుతుంది.

ఫొటో గడి అంటే చాలామంది కంటికి బాగుందనిపించినంత గీసేస్తారు. స్టూడియోవాళ్ళు ఇచ్చే పాస్‌పోర్ట్ సైజు ఫొటో 35 × 45 మి.మీ., అంచులు కత్తిరించకుండా అంటించాలంటే గడి 38 × 48 ఉండాలి. దాన్ని తేలే టెక్స్ట్ బాక్స్‌గా పెట్టకండి. పైన ఒక వరస పెరిగితే అది జారి పేరు గడి మీద కూర్చుంటుంది. శీర్షికను కూడా టేబుల్‌లోనే పెట్టి, కుడి చివరి గడిని కింది రెండు వరసల గడులతో కలిపి ఫొటోకు వదిలేస్తే ఎటూ పోదు. రబ్బరు ముద్ర సంగతీ అంతే. గుండ్రటి సీలుకు 40 మి.మీ. చదరం వదలకపోతే అది సంతకం మీదో, అధికారి హోదా మీదో పడుతుంది, రెండూ చదవరాకుండా పోతాయి. వేలిముద్రకు చోటు అసలే మరిచిపోతారు.

అక్షరానికో గడి: ఎవరి అక్షరం?

"ఒక్కో గడిలో ఒక్కో అక్షరం రాయండి" అన్న పద్ధతి ఇంగ్లీషు ఫారాల నుంచి వచ్చింది. అంకెలకు ఇది చక్కగా పనిచేస్తుంది. ఆధార్ 12 అంకెలు, నాలుగేసి చొప్పున మూడు గుంపులు. మొబైల్ 10, పిన్‌కోడ్ 6, తేదీ 8. ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ 11 గడులు, అందులో అయిదోది ఎప్పుడూ సున్నాయే, దాన్ని ముందే అచ్చు వేసేస్తే "ఓ" అని రాసేవాళ్ళ బెడద వదులుతుంది. గడి 6 మి.మీ. వెడల్పు, 8 ఎత్తు చాలు. గుంపుకూ గుంపుకూ మధ్య 2 మి.మీ. సందు తప్పకుండా ఉండాలి, లేకపోతే పన్నెండు అంకెలు వరసగా రాసేటప్పుడు ఒకటి ఎగిరిపోతుంది.

తెలుగు పేరుకు మాత్రం ఈ గడులు పనికిరావు. "లక్ష్మి" ఎన్ని గడులు? రాసేవాళ్ళ లెక్కలో రెండు. యూనికోడ్ (కంప్యూటర్ అక్షరాల్ని దాచుకునే పద్ధతి) లెక్కలో ఏడు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. "వెంకటేశ్వర్లు" కంటికి అయిదక్షరాలు, కంప్యూటర్‌కు పదమూడు. పైగా "క్ష్మి"కి ఆరు మిల్లీమీటర్ల గడి చాలదు, "ల"కు అది ఎక్కువ. చేతిరాత ఫారంలో తెలుగు పేర్లకు గడులు కాకుండా గీతే ఇవ్వాలి.

తెర మీద నింపే ఫారంలో ఇదే లెక్క ఇంకో రూపంలో ఎదురవుతుంది. వర్డ్‌లోని పాత తరహా టెక్స్ట్ ఫీల్డుకు "మాగ్జిమమ్ లెంగ్త్" పెట్టవచ్చు. కంటికి కనిపించే అక్షరాలు లెక్కబెట్టి పేరుకు 20 చాలులే అని పెడితే పొడుగాటి తెలుగు పేరు నడిమధ్య తెగుతుంది. అదీ అక్షరం దగ్గర కాదు, పొల్లు దగ్గరో గుడి దగ్గరో. ఎక్సెల్‌లో డేటా వ్యాలిడేషన్‌తో పొడవు కట్టడి చేసినా లెక్క ఇదే, కాకపోతే అది పేరును తెంచదు, మొత్తంగా తిరస్కరిస్తుంది. తెలుగులో నింపే గడికి కంటికి కనిపించే అక్షరాల కంటే కనీసం నాలుగింతలు ఇవ్వాలి, లేదా కట్టడే ఎత్తేయాలి.

తెరకు కావలసింది వేరే

టైపు చేసేవాళ్ళకు 10 మి.మీ. వరస అక్కర్లేదు, 7 చాలు. గడి సాగగలగడం మాత్రం కావాలి. పెన్నుకు వరం అయిన "ఎగ్జాక్ట్‌లీ" ఇక్కడ శాపం. మూడు వరసల చిరునామా కొడితే మూడో వరస గడి కింద మాయమవుతుంది. ఫైల్లో ఉంటుంది, ప్రింటులో ఉండదు. టైపు చేసినవాళ్ళు తమ తప్పేమో అనుకుని మళ్ళీ కొడతారు. కాబట్టి తెర ఫారంలో వరసలన్నీ "ఎట్ లీస్ట్"గానే ఉండాలి.

పేరా లైన్ స్పేసింగ్‌లో ఉన్న "ఎగ్జాక్ట్‌లీ" మరీ ప్రమాదం. 12 పాయింట్ల అక్షరానికి 14 పాయింట్ల వరస ఇంగ్లీషుకు అందంగా ఉంటుంది, తెలుగులో గుళ్ళూ వత్తులూ కత్తెర పెట్టినట్టు తెగుతాయి. గౌతమి, నిర్మలా యూఐ లాంటి ఫాంట్లు సింగిల్ స్పేసింగ్‌లోనే ఎక్కువ చోటు తీసుకుంటున్నాయని విసుక్కుంటాం గానీ, ఆ చోటు వత్తులదే. తప్పనిసరిగా బిగించాలంటే 12 పాయింట్లకు 20 ఇచ్చి, "స్త్రీ" అనీ "కర్తృత్వం" అనీ కొట్టి, ప్రింటు తీసి చూడాలి.

ఇక కంటెంట్ కంట్రోల్స్. డెవలపర్ ట్యాబ్‌లో దొరికే ఈ కొత్త గడుల్ని అందరూ మెచ్చుకుంటారు. ముద్రణ విషయంలో నాకు వాటి మీద అంత మోజు లేదు. ఖాళీగా వదిలేసిన గడిలో "ఇక్కడ క్లిక్ చేసి టైపు చేయండి" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం బూడిదరంగులో అలాగే ప్రింటవుతుంది. మధ్య పేరు లేని మనిషి ఫారంలో ఆ వాక్యమే మధ్య పేరుగా అధికారి దగ్గరికి వెళుతుంది. దీనికి విరుగుడు: డిజైన్ మోడ్ నొక్కి, ఆ వాక్యం తీసేసి, నాలుగైదు నాన్‌బ్రేకింగ్ స్పేసులు (వరస విరగని ఖాళీలు) పెట్టడం. అదే పాత తరహా ఫీల్డయితే తెర మీద బూడిదరంగు పట్టీ కనిపిస్తుంది, కాగితం మీద ఏమీ పడదు. దానికి రెస్ట్రిక్ట్ ఎడిటింగ్‌లో "ఫిల్లింగ్ ఇన్ ఫారమ్స్" కట్టడి పెట్టాలి, అప్పుడే పనిచేస్తుంది. అక్కడ పెట్టే పాస్‌వర్డ్ చేయి జారకుండా కాపాడుతుంది, అంతకుమించి రహస్యాలేవీ దాచదు. పాతదని పక్కన పెట్టేశారు గానీ, ప్రింటు కోసమే అయితే నా ఓటు దానికే.

చెక్‌బాక్స్‌లో ఇంకో చిక్కు. వర్డ్ కంటెంట్ కంట్రోల్ చెక్‌బాక్స్ నొక్కితే డబ్బాలో టిక్కు పడదు, ఇంటూ గుర్తు పడుతుంది. బడిలో పేపర్లు దిద్దించుకున్న మనకు ఇంటూ అంటే తప్పు. "వివాహితులు" పక్కన ఇంటూ చూసిన గుమాస్తా పెళ్ళి కాలేదనుకుంటే ఆయన్ని తప్పుపట్టలేం. ప్రాపర్టీస్‌లో "చెక్డ్ సింబల్" మార్చి టిక్కు పెట్టడానికి అర నిమిషం పట్టదు, అయినా చేసేవాళ్ళు తక్కువ. చేతి ఫారంలో అయితే 5 మి.మీ. ఖాళీ డబ్బా చాలు. "వర్తించని దాన్ని కొట్టివేయండి" మాత్రం మానేయాలి. శ్రీ / శ్రీమతి / కుమారిలో రెండింటిని ఓపిగ్గా కొట్టేసేవారు ఎక్కడున్నారు?

లిబ్రేఆఫీస్ వాడేవాళ్ళు రెండు విషయాలు చూసుకోవాలి. ఫారం కంట్రోల్స్‌లో ప్రతిదానికీ "ప్రింటబుల్" అనే లక్షణం ఉంటుంది, "ఇక్కడ నొక్కండి" లాంటి బొత్తాలకు దాన్ని "నో" చేయాలి. రెండోది, తెలుగు ఫాంటూ దాని సైజూ పాశ్చాత్య లిపుల ఖాతాలో ఉండవు, కాంప్లెక్స్ టెక్స్ట్ ఖాతాలో విడిగా ఉంటాయి. స్టైల్లో ఇంగ్లీషు సైజు ఒక్కటే 10 చేసి వదిలేస్తే తెలుగు 12లోనే ఉండి గడులన్నీ ఉబ్బుతాయి.

అభ్యంతరాలు

రెండు ఫైళ్ళు పెడితే రేపు నియమం మారినప్పుడు ఒకటి మార్చి రెండోది మరిచిపోతారు కదా? మరిచిపోతారు. ఇది నా వాదనకు గట్టి దెబ్బే, దీన్ని పూర్తిగా తప్పించే ఉపాయం లేదు. తగ్గించే ఉపాయం ఉంది. ముందు చేతి ఫారం పూర్తిచేసి, దాన్నే వేరే పేరుతో సేవ్ చేసి, వరసల ఎత్తు మార్చి, ఫీల్డులు చేర్చాలి. ప్రశ్నల వరసా, వాటి నంబర్లూ రెండింట్లో ఒకటే ఉండాలి. రెండింటి ఫుటర్లోనూ మార్పు తేదీ అచ్చులో ఉండాలి. ఫుటర్లో ఆటోమేటిక్ తేదీ పెడితే ప్రింటు తీసిన ప్రతిసారీ మారిపోతుంది, అది లేనిదానితో సమానం.

చిన్న ఆఫీసుకు ఇదంతా ఎందుకు అంటే, ఒప్పుకుంటాను. ఏడాదికి యాభై దరఖాస్తులొచ్చే చోట చేతి ఫారం ఒక్కటి చాలు. కానీ అప్పుడు దాన్ని పీడీఎఫ్‌గానే ఇవ్వండి, వర్డ్ ఫైలు బయటికి పంపకండి. పంపారంటే ఎవరో అందులో టైపు చేస్తారు.

ఆన్‌లైన్ కాలంలో కాగితమెందుకు అనేవాళ్ళకు మీసేవ కౌంటర్ దగ్గరి దృశ్యం చూపిస్తే చాలు. ఫారం ప్రింటు తీస్తారు, పెన్నుతో నింపి సంతకం పెడతారు, స్కాన్ చేసి అప్‌లోడ్ చేస్తారు. కాగితం పోలేదు, మధ్యలోకి వచ్చింది. అసలు ఫారమే ఎందుకు, తెల్లకాగితం చాలదా అంటే మాత్రం అందులో కొంత నిజముంది. 2005 నాటి సమాచార హక్కు చట్టం ఆరో సెక్షన్ రాతపూర్వకంగా అడగమంటుంది, ఇంగ్లీషు, హిందీలతోపాటు ఆ ప్రాంతపు అధికార భాషలోనూ అడగవచ్చంటుంది. ఫలానా ఫారంలోనే అని పట్టుపట్టదు. పది ముక్కలు రాస్తే తేలే పనికి ఫారం పెట్టడం కూడా డిజైన్ తప్పే.

పీడీఎఫ్‌లోనే నింపే గడులు పెడితే రెండు పనులూ అవుతాయి కదా అన్నది చివరి అభ్యంతరం. లిబ్రేఆఫీస్ ఎగుమతిలో "క్రియేట్ పీడీఎఫ్ ఫారం" టిక్కు ఉంది, ఇంగ్లీషుకు బాగా పనిచేస్తుంది. తెలుగు నింపాలంటే నింపేవాళ్ళ రీడర్ వత్తుల్ని సరిగా కూర్చగలగాలి, అది మన చేతిలో లేదు. అందుకే తెలుగు నింపే ఫారాన్ని వర్డ్‌లోనో రైటర్‌లోనో ఉంచి, నింపాక పీడీఎఫ్ చేయించడం మేలంటాను.

ఎక్సెల్ ప్రియులకు

గడులు కావాలి కాబట్టి ఎక్సెల్ తెరుస్తారు, అక్కడికి తర్కం బాగానే ఉంది. ఎక్సెల్ కాలమ్ వెడల్పును మిల్లీమీటర్లలో కాకుండా అంకెల వెడల్పుల్లో కొలుస్తుంది. పేజ్ లేఅవుట్ వ్యూలోకి వెళితే తప్ప సెంటీమీటర్లు కనిపించవు. కలిపేసిన గడుల్లో వరస ఎత్తు తనంతట తాను పెరగదు. తెర మీద పట్టిన మాట కాగితం మీద చివరక్షరం పోగొట్టుకుంటుంది. ఇవన్నీ ఓర్చుకున్నా, నింపేటప్పుడు అసలు దెబ్బ పడుతుంది. ఇంటి నంబరు 5-9-22 కొడితే తేదీ అయి కూర్చుంటుంది. ఇలాంటి ఇళ్ళ నంబర్లు ఎక్సెల్ కంటికి పుట్టినరోజులే. సర్వే నంబరు 12/3 మార్చి 12వ తేదీ అవుతుంది. ఆధార్ 12 అంకెలు "1.23456ఈ+11" వాలకంలో మారిపోతాయి. 16 అంకెల బ్యాంకు ఖాతా నంబరులో చివరి అంకె సున్నా అయిపోతుంది, అది మళ్ళీ తిరిగిరాదు. ఆ గడులన్నిటినీ ముందే "టెక్స్ట్" ఫార్మాట్ చేసి ఉంచాలి. కొట్టాక మార్చితే లాభం లేదు.

ప్రింటర్ చేసే మోసం

ఇన్ని కొలతలు కట్టాక వాటిని పాడుచేసేది ప్రింటు డైలాగులో ఒక్క మాట: "ఫిట్". పీడీఎఫ్ రీడర్ దాన్ని ఎంచుకుని ఉంటే పేజీ మూడు నాలుగు శాతం కుంగుతుంది. 96 శాతానికి దిగితే 48 మి.మీ. ఫొటో గడి 46 అవుతుంది, 10 మి.మీ. వరస 9.6. "యాక్చువల్ సైజ్" ఎంచుకోవాలి. ఫారం సూచనల్లోనే ఆ మాట రాసి, ఫుటర్లో సరిగ్గా 50 మి.మీ. గీత ఒకటి గీసి ఉంచితే ఎవరైనా స్కేలు పెట్టి చూసుకోవచ్చు. కాగితం అంచున నాలుగైదు మిల్లీమీటర్లలో చాలా ప్రింటర్లు అచ్చు వేయలేవు, గీతలు అక్కడికి వెళ్ళకూడదు.

కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన వర్డ్ ఒక్కోసారి లెటర్ సైజు పేజీతో తెరుచుకుంటుంది. అది ఏ4 కంటే దాదాపు 6 మి.మీ. వెడల్పు ఎక్కువ, 18 మి.మీ. ఎత్తు తక్కువ. అందులో గీసిన ఫారం ఏ4 మీద కింద ఖాళీ వదిలి, పక్కన అంచుకు ఒరుసుకుంటుంది. ప్రింటు తీసేటప్పుడు దిద్దే సంగతి కాదిది, మొదటి గీత గీయకముందే పేజీ సైజు చూసుకోవాలి. లీగల్ కాగితం మీద అలవాటైన ఆఫీసులకైతే ఎత్తు 355.6 మి.మీ., అది వేరే లెక్క, వేరే ఫైలు.

ఆ తర్వాత ఫారం జిరాక్స్ పాలవుతుంది, ఆ జిరాక్సుకు ఇంకో జిరాక్స్. "కార్యాలయ ఉపయోగార్థం" అన్న చోట వేసిన బూడిదరంగు మూడో తరానికి నల్లటి మచ్చ, లోపలి అక్షరాలు కనబడవు. రంగుకు బదులు ఒకటిన్నర పాయింటు మందం చట్రం గీయండి. మామూలు గీతలు అర పాయింటుకు తగ్గితే జిరాక్స్‌లో తెగిపోతాయి, తెలుగు అక్షరాలు 9 పాయింట్లకు తగ్గితే వత్తులు పూడుకుపోతాయి. ఎడమ పై మూల రెండున్నర సెంటీమీటర్ల మేర ఖాళీగా వదలాలి. ఫైల్లో చేరేటప్పుడు అక్కడే చిల్లు పొడిచి ట్యాగు దూరుస్తారు. అచ్చంగా అక్కడే "దరఖాస్తు నంబరు" పెట్టే ఫారాలున్నాయి, ట్యాగు దూరాక ఆ నంబరు చదవాలంటే ఫైలంతా విప్పాలి.

ఫారం బయటికి పోయేముందు కనీసం నాలుగు కాగితాలు ఖర్చు పెట్టాలి. ఒకటి యాక్చువల్ సైజులో తీసి స్కేలుతో కొలవడానికి, ఒకటి పొడుగాటి పేరున్న పెద్దమనిషి చేతికి బాల్‌పెన్ ఇచ్చి నింపించడానికి, ఒకటి జిరాక్స్‌కు జిరాక్స్ తీయించడానికి. నాలుగోదాని మీద ముద్ర కొట్టి, చిల్లు పొడిచి, ట్యాగు కట్టి చూడాలి. తెర ఫారం పరీక్షకు ఇంకో కంప్యూటర్ కావాలి, ఆ తెలుగు ఫాంటు లేనిది అయితే మరీ మంచిది. అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తరహా తెలుగు ఫాంట్లు) కొట్టిన ఫారం అక్కడ ఇంగ్లీషు అక్షరాల గజిబిజిగా తెరుచుకుంటే, నింపేవాళ్ళ దగ్గర కూడా అలాగే తెరుచుకుంటుంది.